ఒంటిపూట బడి, రెండు పూటల వసంతం

మార్చి 15 వచ్చిందంటే తెలంగాణ బడుల్లో ఒంటిపూట మొదలవుతుంది. పొద్దున ఎనిమిదింటికి మొదటి గంట, పన్నెండున్నరకు ఇంటి గంట. సర్కారు బడైతే మధ్యాహ్న భోజనం పెట్టి పంపుతారు. ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు ఇచ్చేదాకా ఇదే వరస. మోదుగలు పూసి, మామిడికి పిందె దిగి, ఉగాది, శ్రీరామనవమి వచ్చిపోయే ఈ ఐదారు వారాలే హైదరాబాదుకు వసంతం. చిన్నపిల్లలున్న ఇంట్లో రోజు నడిచే తీరు ఇంతగా మారే కాలం ఏడాదిలో మరొకటి లేదు. నిద్ర లేచే వేళ ముందుకు జరుగుతుంది, టిఫిన్ డబ్బా చిన్నదవుతుంది, మధ్యాహ్నమంతా పిల్లలు ఇంట్లోనే ఉంటారు. బడి తన వంతు ఎండను ఇలా తప్పిస్తుంది. మిగిలిన పూట భారమంతా ఇంటి మీద పడుతుంది. ఆ భారాన్ని ఇల్లొక్కటే మోయలేదు. అమీర్‌పేట, పంజాగుట్ట లాంటి చోట అసలే మోయలేదు. అక్కడి పిల్లలకు వసంతం దక్కాలంటే పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు గుమ్మానికి దగ్గర్లోనే నీడపట్టున ఆడుకునే చోటు ఉండాలి. అలాంటి చోటును ఏ కుటుంబమూ తనంతట తాను సంపాదించుకోలేదు. వీధి, బడి, నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) కలిసి ఏర్పాటు చేయాలి.

ముందు ఎండ లెక్క చూద్దాం. హైదరాబాదు ఉష్ణోగ్రతలు నమోదు చేసే వాతావరణ కేంద్రం అమీర్‌పేటకు పక్కనే, బేగంపేటలో ఉంది. చాలా ఏళ్ళ సగటు తీస్తే అక్కడ మార్చిలో పగటి ఉష్ణోగ్రత సుమారు 35, 36 డిగ్రీలకు, ఏప్రిల్‌లో 38కి చేరుతుంది. కాని అదే మార్చిలో తెల్లవారుజామున 20, 21 డిగ్రీలే ఉంటుంది. ఏప్రిల్‌లోనూ 24కు అటూ ఇటూగానే. అంటే ఒకే రోజులో పద్నాలుగు, పదిహేను డిగ్రీల తేడా. నగరం సముద్రానికి దూరంగా, 500 మీటర్లకు పైబడిన ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉండడం ఒక కారణం. ఈ నెలల్లో గాలిలో తేమ తక్కువగా ఉండడం మరో కారణం. పొడిగాలి తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లబడుతుంది. సముద్రం పక్కనున్న విశాఖలో పొద్దుగూకాక కూడా ఒళ్ళు జిగటగా ఉంటుంది. హైదరాబాదులో ఐదున్నర దాటితే గాలి మారుతుంది. మార్చి నడుమ సూర్యోదయం, సూర్యాస్తమయం రెండూ దాదాపు ఆరున్నరకే అవుతాయి కాబట్టి పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా పిల్లలు హాయిగా బయట ఉండవచ్చు. ఈ ఊరి వసంతం పగలంతా పరుచుకుని ఉండదు, రెండు చివర్లలో ఉంటుంది. ఆ రెండు చివర్లను ఎలా వాడుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న.

పొద్దుటి చల్లదనంలో సగానికి పైగా బడి తీసుకుంటుంది. ఎనిమిదింటికి తరగతిలో ఉండాలంటే ఐదారేళ్ళ పిల్లను ఆరింటికే లేపి, పళ్ళు తోమించి, స్నానం చేయించి, తినిపించి, ఏడున్నరకల్లా బయల్దేరదీయాలి. తిరిగి ఇంటికి పంపేది మాత్రం ఎండ నడినెత్తికి వచ్చిన వేళకు. పదో తరగతి పరీక్షా కేంద్రాలైన బడుల్లో పరీక్ష రోజుల్లో మరీ ఇబ్బంది, అక్కడ తరగతులు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి ఐదు దాకా జరుపుతారు. బడి ఈడు రాని రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లలకు పొద్దుటి పూట ఖాళీగా ఉన్నా, ఆ వేళ ఇంట్లో పెద్దవాళ్ళకు ఖాళీ ఉండదు. వంట, నీళ్ళు, ఆఫీసు, పెద్దపిల్లవాడి బడి బస్సు అన్నీ ఆ గంటన్నరలోనే. కాబట్టి చాలా ఇళ్ళలో పొద్దుటి వసంతానికి మిగిలేది బడికి నడిచే దారి మాత్రమే. ఆ దారి నీడగా, అదిరిపడకుండా నడవగలిగేలా ఉంటే అదీ వసంతమే. స్కూటర్ ముందు నిలబడి హారన్ల మధ్య వెళ్ళే పిల్లకు అదీ దక్కదు.

ఇక మధ్యాహ్నం. అమీర్‌పేట అనగానే చాలామందికి గుర్తొచ్చేవి మైత్రివనం చుట్టూ ఉన్న సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు, వాటి బోర్డులు, హాస్టళ్ళు. రెండు మెట్రో దారులు కలిసేదీ అక్కడే. పంజాగుట్ట అంటే నిమ్స్ ఆస్పత్రి, ఫ్లైఓవర్, బట్టల దుకాణాలు. ఈ రద్దీ వెనక సందుల్లో, బల్కంపేట, లీలానగర్, ఎస్‌.ఆర్‌.నగర్, ద్వారకాపురి కాలనీ, మోడల్ హౌస్ వైపు వేల కుటుంబాలు కాపురం ఉంటున్న సంగతి బయటివాళ్ళకు తట్టదు. ఒకప్పటి పెంకుటిళ్ళు, డాబాలు పోయి నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. గ్రౌండ్ ఫ్లోర్ బండ్లకు పోయింది. రెండు గదుల పోర్షన్‌లోనో, పైకప్పు కాగిపోయే పెంట్‌హౌస్‌లోనో అద్దెకున్న కుటుంబంలో పన్నెండున్నరకు బడి వదిలి ఇల్లు చేరిన పిల్లకు సాయంత్రం దాకా ఐదు గంటల సమయం. అమ్మ, నాన్న ఇద్దరూ పనికి పోతే ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో, నాయనమ్మో దిక్కు. వాళ్ళూ లేకపోతే పక్కింటివాళ్ళు, లేదా డే కేర్. పెరుగన్నం తిని ఒక కునుకు తీశాక చేతికి ఫోన్ వస్తుంది. ఇందుకు తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. నాలుగు గోడల మధ్య ఐదు గంటలు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఊరుకోబెట్టడం ఎంత ఓపికమంతులకైనా కష్టమే. మధ్యాహ్నం ఇంట్లో గడవక తప్పదు. అందుకే సాయంత్రం ఇంటి బయట గడవాలి. అక్కడా దారి మూసుకుపోతే పిల్లకు ఆ రోజు మొత్తం గదిలోనే తెల్లవారి గదిలోనే పొద్దుగూకుతుంది.

దీనివల్ల పోయేదేమిటో వైద్యులు లెక్కగట్టి చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది. ఏడాది నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లలు రోజు మొత్తంలో కనీసం మూడు గంటలు ఒళ్ళు కదిలేలా ఆడాలి. మూడేళ్ళు దాటినవాళ్ళయితే అందులో ఒక గంట గట్టిగా, ఆయాసం వచ్చేలా ఉండాలి. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు తెర ముందు గంటకు మించకూడదు, రెండేళ్ళలోపు పిల్లలకు అసలే వద్దు. కంటి సంగతి మరింత స్పష్టం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు బడిరోజున అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఆటలు పెట్టి మూడేళ్ళు గమనించారు. అలా ఆడిన బడుల్లో 30.4 శాతం పిల్లలకు దూరపుచూపు మందగించింది, ఆడని బడుల్లో 39.5 శాతం మందికి. 2015లో వెలువడిన ఆ ఫలితం చూపే తేడా పెద్దదేమీ కాకపోవచ్చు. కాని మందూ మాకూ లేకుండా వచ్చిన తేడా అది. తైవాన్ 2010 నుంచి పిల్లలు రోజుకు రెండు గంటలు బయట ఉండాలని బడుల ద్వారానే ప్రచారం చేస్తోంది. గదిలో లైటు వేస్తే వెలుతురు కొన్ని వందల లక్సులకు మించదు, పగటివేళ చెట్టు నీడలో వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురే ఎదిగే కంటిగుడ్డు అవసరానికి మించి సాగకుండా ఆపుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఎండలో నిలబెట్టనక్కర్లేదు, నీడలో ఆడనిస్తే చాలు.

ఒళ్ళు, కళ్ళు మాత్రమే కాదు, మాటలూ బయటే పెరుగుతాయి. అమీర్‌పేట సందుల్లో ఒకే అపార్ట్‌మెంటులో కరీంనగర్, శ్రీకాకుళం, అనంతపురం వాళ్ళు ఉంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. ఈ పిల్లలు కలిసి దాగుడుమూతలు ఆడినప్పుడు ఒకరి యాస ఒకరికి వస్తుంది, దెబ్బలాడుకుని రాజీపడడం వస్తుంది. వసంతంలో పండుగలు దగ్గర దగ్గరగా పడతాయి. హోలీ, ఉగాది, శ్రీరామనవమి ఎప్పుడూ ఈ కాలానివే. రంజాన్ చంద్రమానాన్ని బట్టి ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఈ మధ్య ఏళ్ళలో ఫిబ్రవరి, మార్చి నెలల్లోకి వచ్చింది. ఉగాది పచ్చడి గిన్నె, నవమి పానకం, వడపప్పు, ఇఫ్తారు ఖర్జూరం ఒక గుమ్మం నుంచి మరో గుమ్మానికి నడిచివెళ్ళేది పిల్లల చేతులతోనే. సాయంత్రం తలుపులు తెరిచి ఉండి, పిల్లలు వరండాల్లో తిరిగే చోటే ఇది సాధ్యం. ఇరుగుపొరుగు అలవాటును ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు.

చెట్ల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. దక్కన్ చెట్లకు ఒక మంచి గుణం ఉంది. వానల కోసం ఆగకుండా, ఎండలు ముదరక ముందే చిగురిస్తాయి. కానుగ ఆకు రాల్చి మార్చి, ఏప్రిల్ నెలల్లో లేతాకుపచ్చ గొడుగు వేస్తుంది. వేప ఉగాది నాటికి చిగురుతో, పూతతో నిండుగా ఉంటుంది. రావి రాగి రంగు చిగుళ్ళు తొడుగుతుంది. పిల్లలకు నీడ ఎక్కువ కావలసిన రోజుల్లోనే ఈ చెట్ల నీడ చిక్కబడుతుంది. కొన్నేళ్ళుగా నగరంలో రోడ్ల పక్కన గులాబీ రంగు టబేబుయా లాంటి అలంకార వృక్షాలు పెరిగాయి. పూసినప్పుడు కన్నులపండువే, కాని అవి ఆకు రాల్చి పూస్తాయి, ఆ వారాల్లో వాటి కింద నీడ ఉండదు. పూల చెట్లు వద్దనడం లేదు. పిల్లలు నడిచే దారుల్లో, బడి గోడల పక్కన, బస్సు ఆగేచోట మాత్రం కానుగ, వేప ఉండాలి. తారు, కాంక్రీటు పగలు పీల్చుకున్న వేడిని సాయంత్రం బయటికి వదులుతాయి. నేలకు దగ్గరగా ఉండేది పిల్లలే కాబట్టి ఆ వేడి ముందు తగిలేది వాళ్ళకే. పగలంతా నీడ పడిన సందు సాయంత్రానికి ఆటకు సిద్ధంగా ఉంటుంది, పగలంతా కాలిన సందు చీకటి పడ్డాక గాని చల్లారదు.

దగ్గర్లో పార్కులున్నాయి కదా, తీసుకెళ్ళవచ్చు కదా అని అడగవచ్చు. నిజమే, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో చెరువుతో సహా జలగం వెంగళరావు పార్కు ఉంది, కాలనీల్లో చిన్న పార్కులూ ఉన్నాయి. కాని పంజాగుట్ట నుంచి ఆ పార్కుకు వెళ్ళాలంటే నాగార్జున సర్కిల్ రద్దీ దాటాలి. చంకలో ఒకరిని, చేతికి ఒకరిని పట్టుకున్న తల్లికి కిలోమీటరు దూరం కూడా పొరుగూరితో సమానం. మూడేళ్ళ పిల్ల ఎత్తు సగటున 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూస్తే ఫుట్‌పాత్ అంచు మెట్టులా ఉంటుంది, ఆగి ఉన్న కారు గోడలా ఉంటుంది, పొగగొట్టాలు ముఖానికి ఎదురుగా ఉంటాయి. పార్కుకు ఆదివారం వెళతారు, పిల్లలకు ఆట కావలసింది రోజూ. షాపింగ్ మాల్స్‌లో ఏసీ ప్లే జోన్ల గురించీ ఇదే మాట. గంటకు ఇంతని టికెట్ కొనే ఆట నెలకొకసారి ముచ్చటకు సరిపోతుంది, అద్దె కట్టే కుటుంబానికి రోజువారీ అలవాటుగా కుదరదు. జీహెచ్‌ఎంసీ ఏటా నామమాత్రపు రుసుముతో నడిపే వేసవి శిక్షణ శిబిరాలు మంచివే. అయితే అవి సెలవుల్లో, ఆటలు నేర్చుకునే ఈడు వచ్చిన పిల్లల కోసం. మూడేళ్ళ పిల్లకు, మార్చి నెలకు అవి పనికిరావు.

ఏటేటా ఎండలు ముదురుతుంటే పిల్లల్ని ఇంట్లోనే ఉంచడం క్షేమం కాదా అన్నది మరో సందేహం. ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలిగా ప్రకటిస్తుంది. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే త్వరగా వేడెక్కుతుంది, దాహమైందని వాళ్ళు చెప్పలేరు. కాబట్టి పదకొండు నుంచి నాలుగున్నర దాకా బయటికి పంపకూడదు, నూలు బట్టలు వేయాలి, మజ్జిగ, నిమ్మరసం, మంచినీళ్ళు అడగకముందే ఇవ్వాలి. ఆరు నెలలలోపు పసివాళ్ళకు ఎంత ఎండలోనైనా తల్లిపాలే చాలు, విడిగా నీళ్ళు పట్టనక్కర్లేదు, పాలు ఇంకాస్త తరచుగా ఇస్తే సరి. పిల్ల మగతగా ఉన్నా, ఒళ్ళు కాలుతున్నా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇవన్నీ నడిఎండకు సంబంధించిన జాగ్రత్తలు. సాయంత్రం ఆరు గంటల గాలికి వీటిని అడ్డం పెట్టకూడదు. పైగా చాలా ఇళ్ళలో ఆ వేళ బయటికంటే గదిలోనే వేడి ఎక్కువ. పైకప్పు అప్పుడే దిగువకు వేడి వదులుతుంటుంది. ఎండ భయం ఎంత నిజమైతే చల్లని గంటల విలువ అంత పెరుగుతుంది.

అసలైన అభ్యంతరం చోటు గురించి. సందుల్లో బండ్లు పెట్టుకోవడానికే చోటు లేదు, పిల్లలకెక్కడిది అంటారు. కాని మన వీధులు ఏడాదిలో ఎన్నోసార్లు బండ్లను పక్కకు జరిపి చోటిస్తూనే ఉన్నాయి. శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం కోసం సందుకు అడ్డంగా పందిరి పడుతుంది. వినాయకచవితికి రోజుల తరబడి మండపం ఉంటుంది. పెళ్ళికి షామియానా వేస్తాం. ఎవరి బండి ఎక్కడ పెట్టుకోవాలో ఇరుగుపొరుగు మాట్లాడుకుని సర్దుకుంటారు. ఇదే సర్దుబాటును వారానికి రెండు సాయంత్రాలు, రెండు గంటల పాటు పిల్లల కోసం చేయమనడం అత్యాశ కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2009లో ఇద్దరు తల్లులు తమ వీధిని కొన్ని గంటలు మూసి మొదలుపెట్టిన పని తర్వాత ఆ దేశంలో ఎన్నో ఊళ్ళకు పాకింది. మన దగ్గర 2021లో ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసినప్పుడు కుటుంబాలు పిల్లలతో తరలివచ్చాయి. అంత పెద్ద దారినే మూయగలిగిన ఊరికి లీలానగర్‌లో ఒక సందు మూయడం కష్టమేమీ కాదు. అంబులెన్సు వచ్చినా, నిమ్స్‌కు వెళ్ళే రోగి వచ్చినా తాడు విప్పి దారి ఇచ్చేందుకు ఇద్దరు పెద్దవాళ్ళు అక్కడ ఉంటే చాలు. ప్రధాన రోడ్లను ముట్టుకోనక్కర్లేదు.

ఈ కాలంలోనే ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఉంటాయి, హాస్టళ్ళలో ఉద్యోగాల కోసం చదివేవాళ్ళు ఉంటారు, గోల పడదు అనేవాళ్ళ మాటకూ న్యాయం ఉంది. చదివేవాళ్ళను గౌరవించే పద్ధతి ఆటకు వేళ కట్టడం. ఐదున్నరకు మొదలై ఏడున్నరకు కచ్చితంగా ముగిసే ఆట ఎవరి చదువునూ చెడగొట్టదు. వేళాపాళా లేకుండా మెట్ల మీద, వరండాలో, తలుపుల దగ్గర జరిగే ఆటే ఎక్కువ ఇబ్బంది. పైగా రోజంతా హారన్ల మోత భరించే పేట, రెండు గంటల పిల్లల కేకలను మాత్రం సహించలేనంటే న్యాయం కాదు. పరీక్ష రాసే అన్నయ్యలకు, అక్కయ్యలకు కూడా ఆ వేళ కిందికి వచ్చి తమ్ముళ్ళతో పది నిమిషాలు బంతి ఆడితే మేలే.

సందులకంటే తేలికైన చోటు బడి ఆవరణ. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని చెబుతుంది. ఒంటిపూట రోజుల్లో ఆ ఆవరణ మధ్యాహ్నం నుంచి మర్నాటి పొద్దుటి దాకా తాళంలో ఉంటుంది. బయట పిల్లలు సందుల్లో బండ్ల మధ్య తిరుగుతుంటారు. ప్యారిస్ నగరం 2018 నుంచి బడి ఆవరణల్లో తారు తీసి, చెట్లు నాటి, వాటిలో కొన్నింటిని సెలవు రోజుల్లో పేటవాళ్ళకు తెరుస్తోంది. ఆ పని మొదలుపెట్టింది కూడా ఎండల భయంతోనే. ప్రధానోపాధ్యాయులు బాధ్యత ఎవరిదని అడగడం సహజం. వస్తువులు పోతే, పిల్లకు దెబ్బ తగిలితే వాళ్ళే జవాబు చెప్పాలి. అందుకే ఈ బరువు బడి మీద వేయకూడదు. తరగతి గదులకు తాళం ఉంచి ఆవరణ గేటు మాత్రమే తెరవాలి, కాపలా మనిషి జీతం, దీపం ఖర్చు జీహెచ్‌ఎంసీ భరించాలి, పెద్దవాళ్ళు తోడుంటేనే చిన్నపిల్లలను రానివ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2020లో ఐదేళ్ళలోపు పిల్లలకు పేటలను అనుకూలంగా మార్చే పోటీ పెట్టినప్పుడు ఎంపికైన పాతిక నగరాల్లో హైదరాబాదు, వరంగల్, కాకినాడ ఉన్నాయి. చివరి పదిలో వరంగల్, కాకినాడ నిలిచాయి. మన ఊళ్ళకు చేతకాని పని కాదని అవి చూపాయి.

వీధి ఇచ్చాక ఇల్లు చేయాల్సిందీ ఉంది. బయట ఆడే పిల్లల దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ అమ్మే కాకూడదు. ఏడింటికి గాని ఇల్లు చేరని నాన్న పొద్దున పిల్లను నడిపించుకుని బడికి తీసుకెళ్ళవచ్చు. నలుగురైదుగురు తల్లిదండ్రులు వంతులు వేసుకుంటే వారంలో ఒక్క సాయంత్రమే ఒకరి మీద పడుతుంది. నాయనమ్మలకు, తాతలకు నాలుగు కుర్చీలు వేస్తే వాళ్ళకూ కాలక్షేపం, పిల్లలకూ కాపలా. ఆట అలవాటైన పిల్ల తొమ్మిదింటికల్లా నిద్రపోతుంది, ఆరింటికి ఏడవకుండా లేస్తుంది. ఒంటిపూట బడికి కావలసింది కూడా అదే.

కాబట్టి పని ఏటా మార్చి 15 కంటే ముందే మొదలవ్వాలి. ఫిబ్రవరిలో కాలనీ సంక్షేమ సంఘాలు ఏ సందు, ఏ రోజులు అని తేల్చుకుని ట్రాఫిక్ పోలీసులకు రాసి ఇవ్వాలి. విద్యాశాఖ ఒంటిపూట ఉత్తర్వులోనే సాయంత్రం ఆవరణ తెరిచే బడుల పేర్లు చేర్చాలి. జీహెచ్‌ఎంసీ వానాకాలం మొక్కల జాబితాలో బడి దారులకు కానుగ, వేప కేటాయించాలి. బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది, భారతదేశం 1992లో దానికి ఒప్పుకుంది. ఎండ వేళ బడి నుంచి ఇంటికి పంపడం ప్రభుత్వం ఉత్తర్వుతో చేసిన మంచి పని. చల్లని వేళ ఇంటి నుంచి బయటికి రానివ్వడం అదే పనిలో మిగిలిన సగం. మూడేళ్ళ పిల్లకు మూడేళ్ళ వయసులో ఒక్కటే వసంతం వస్తుంది. మెట్రో విస్తరణలాగా దాన్ని వాయిదా వేయడానికి వీల్లేదు.